అక్కడ కళ, ఇక్కడ కులం

అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో చదువుకునే పిల్లలకు కొల్హాపూర్ రెండుసార్లు తారసపడుతుంది. ఒకసారి పాలిటీ నోట్సులో: 1902లో ఛత్రపతి షాహూ మహారాజు తన సంస్థానపు కొలువుల్లో వెనుకబడిన కులాలకు 50 శాతం కేటాయించిన చోటుగా. మరోసారి కరెంట్ అఫైర్స్‌లో: 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన చెప్పుల ఊరుగా. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు, మొత్తం ఎనిమిది. బిట్టు ప్రశ్నకు అంతకు మించి అక్కరలేదు. రిజర్వేషన్ పుట్టిన ఊరూ, చెప్పు పేరు తెచ్చుకున్న ఊరూ ఒకటే ఎందుకయిందన్న ప్రశ్న మాత్రం ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు.

ఆ ప్రశ్న నన్ను అడిగినవాడు నా పాత విద్యార్థి. ఎం.ఏ. పూర్తిచేసి, ఐదేళ్లుగా గ్రూప్స్‌కు తయారవుతూ, ఉదయం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, రాత్రి అశోక్‌నగర్ గదిలో గడిపే వేలమందిలో ఒకడు. 2024 అక్టోబరులో జీవో 29కి వ్యతిరేకంగా అశోక్‌నగర్ రోడ్డెక్కినప్పుడు అతనూ ఆ గుంపులో ఉన్నాడు. మొన్న లైబ్రరీ దగ్గర కలిసినప్పుడు, అతని సంచి పట్టీ తెగిపోతే, ఫుట్‌పాత్ మీద పెట్టె పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దమనిషి కుట్టి ఇస్తున్నాడు. పాలమూరు వైపు మనిషి. 'పది రూపాయలియ్యి బిడ్డా' అన్నాడు. సంచి చేతికి వచ్చే లోపు అతడు ఫోను తీసి ఒక వార్త చూపించాడు. చదివి తలెత్తేసరికి ప్రశ్న సిద్ధంగా ఉంది: "సార్, ఇటలీవాళ్ల పక్కన కూసోని నేర్చుకుంటే ఆర్టు. మా తాత పక్కన కూసోని నేర్చుకుంటే కులం. గంతేనా?"

ఆ వార్త సంగతి పాఠకులకు కొంత తెలిసే ఉంటుంది. 2025 జూన్‌లో మిలాన్‌లో జరిగిన పురుషుల ఫ్యాషన్ ప్రదర్శనలో ప్రాడా సంస్థ కొన్ని చెప్పులను చూపించింది. అవి కొల్హాపురి చెప్పులేనని మన దేశంలో చూసినవారందరూ గుర్తుపట్టారు. ఆ పేరు మాత్రం ఎక్కడా లేదు. మహారాష్ట్ర వాణిజ్య మండలి లేఖ రాసిన తరువాత, భారతీయ చేతివృత్తి నుంచి స్ఫూర్తి పొందామని సంస్థ ఒప్పుకుంది. బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. ఆ భౌగోళిక గుర్తింపు మీ పేరున లేదు గనుక మీకు అడిగే హక్కు లేదని కోర్టు జులైలో దాన్ని కొట్టివేసింది. ఆ గుర్తింపు మరి ఎవరి పేరున ఉంది? రెండు రాష్ట్రాల తోలు పరిశ్రమల కార్పొరేషన్ల పేరున ఉంది. చెప్పు కుట్టే మనిషి కేవలం 'అధీకృత వినియోగదారుడు'. అంటే తన తాతముత్తాతల విద్యను వాడుకోవడానికి అనుమతి పొందినవాడు!

డిసెంబరులో ఆ రెండు కార్పొరేషన్లతోనే ప్రాడా ఒప్పందం కుదుర్చుకుంది. మహారాష్ట్ర, కర్ణాటకలలో రెండు వేల జతలు తయారవుతాయి. జత ధర సుమారు 800 యూరోలు. కొల్హాపూర్ బజారులో వెయ్యి రూపాయలకు అటూ ఇటూ దొరికే వస్తువు అది. ఒప్పందంలో మరో అంశం ఉంది: స్థానిక చర్మకారులకు శిక్షణ ఇస్తారు, కొందరికి ఇటలీలోని ప్రాడా అకాడమీలో కొద్దికాలం గడిపే అవకాశమూ కల్పిస్తారు. నా విద్యార్థి వేలు పెట్టి చూపించిన వాక్యం ఇదే. 'మన తెలంగాణల గిట్ల పెడితే నేను పోత సార్' అన్నాడు.

అతనికి వెంటనే జవాబు చెప్పలేకపోవడానికి నా కారణం నాకుంది. కొన్నేళ్ల క్రితం ఒక సదస్సు కోసం ఇటలీ వెళ్లినప్పుడు ఫ్లోరెన్సులో ఒక చిన్న తోలు కార్ఖానాలో మూడు రోజుల తరగతికి డబ్బు కట్టి కూర్చున్నాను. సహోద్యోగులకు చెప్పలేదు. బల్ల చుట్టూ ఒక జపాన్ అమ్మాయి, ఒక జర్మన్ దంపతులు, నేను. నేర్పే ఆవిడకు అరవై దాటి ఉంటాయి. మొదటి రోజంతా తోలును వేళ్లతో చూడడమే: వెన్ను భాగం ఎలా ఉంటుంది, పొట్ట భాగం ఎందుకు సాగుతుంది, ఎటు కోస్తే నిలుస్తుంది. రెండో రోజు కుట్టు. మైనం పట్టించిన నారదారం, దానికి రెండు కొసలా రెండు సూదులు, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా దూర్చి లాగాలి. ఒక వైపు దారం తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. అంచులు పలచన చేయడానికి ఆవిడ నా చేతికి వెడల్పాటి కత్తి ఒకటి ఇచ్చింది. మా తాత రంపెకు అది దగ్గరి చుట్టం. చేయి దానంతటదే తిరిగింది. బొటనవేలు ఎక్కడ పెట్టాలో, తోలును ఒంటికి ఏ వైపు తిప్పి పట్టుకోవాలో ఎనిమిదేళ్ల వయసులో నేర్చుకున్నది నలభై దాటాక కూడా పోలేదు.

ఆవిడ ఆగి చూసింది. ఎవరు నేర్పారని అడిగింది. మా తాత అని చెప్పాను. ఆవిడ నవ్వి తమ భాషలో 'ఫిల్యో దార్తే' అంది. ఇంటి పెద్దల విద్యనే చేపట్టిన వారిని ఇటలీలో అలా అంటారట. మాటకు మాట చెప్పాలంటే 'కళకు పుట్టిన బిడ్డ'. మిగతా ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఎనిమిదేళ్ల వయసులో అదే పని చేసి బడికి వెళ్తే, చేతుల వాసన పట్టి నన్ను ఏమని పిలిచేవారో అక్కడ ఎవరికి చెప్పను? ఇదే నగరంలో, ఇదే నారాయణగూడలో, పీహెచ్‌డీ రోజుల్లో గది అద్దెకు అడిగితే ఒక ఇంటి యజమాని 'మీరేమిట్లు' అని అడిగినప్పుడు, నోరు మెదపకుండా మెట్లు దిగి వచ్చిన మనిషిని నేను. ఫ్లోరెన్సులో నా పుట్టుక నాకు మర్యాద తెచ్చిపెట్టింది. అది తలుచుకుంటే ఈనాటికీ సంతోషం కన్నా కోపమే ఎక్కువ వస్తుంది.

మా తాతకు ఏం తెలుసో చెప్పాలి. పచ్చి తోలును నీళ్లలో నానబెట్టి, సున్నంలో వేసి, వెంట్రుకలు వదిలేదాకా ఆగి, కండ గీకి, కడిగి, ఆ తరువాత తంగేడు చెక్క రసంలో వేసేవాడు. అదే లంద. మొదట పలచని రసం, తరువాత చిక్కనిది. మొదటే చిక్కటి రసంలో వేస్తే పైపొర బిగుసుకుపోయి లోపలికి రసం ఇంకదు, తోలు లోన పచ్చిగానే ఉండి కుళ్లుతుంది. ఈ సంగతి ఇటలీలో చెస్ట్‌నట్ చెక్క రసంతో పదును చేసేవారికి ఎంత తెలుసో మా తాతకూ అంతే తెలుసు. చివర్లో తోలును సంచిలా కుట్టి, లోపల చెక్క, కరక్కాయ నింపి, చెట్టుకు వేలాడదీసేవాడు. రసం తనంత తాను తోలు గుండా ఊరి కిందికి కారేది. తోలు పదునైందో లేదో అంచు కోసి రంగు చూసి చెప్పేవాడు. ఆయన చేసిన మోట బొక్కెనతో ఊరి పొలాలు తడిచాయి, ఆయన కుట్టిన కిర్రు చెప్పులు దొరల కాళ్లకు ఎక్కాయి. ఆ చెప్పులు కుట్టినవాడు దొర గడి ముందు నుంచి చెప్పులు చేత పట్టుకుని నడవాలి. ఏడాదికి కూలి కళ్లంలో కొలిచి పోసే గింజలు. కొన్ని ఇళ్లకు అదీ లేదు, వెట్టి.

తంగేడు పువ్వు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ మీద దాన్ని పేరుస్తాం, ప్రభుత్వ ప్రకటనల్లో ముద్రిస్తాం. ఆ చెట్టు పువ్వును చూసినవారు చెక్కను మరిచిపోయారు. తంగేడు చెక్కతో పదును చేసిన 'ఈస్ట్ ఇండియా' తోళ్లు మద్రాసు రేవు నుంచి లండన్‌కు వెళ్లిన కాలం ఉంది; ఆ తోలుకు 2008లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వెలిసింది. మాదిగలను దేశీయ శాస్త్రవేత్తలుగా చూడాలని కంచ ఐలయ్య 'పోస్ట్ హిందూ ఇండియా'లో వాదించినప్పుడు దాన్ని అతిశయోక్తిగా కొట్టిపారేసినవారు మా విశ్వవిద్యాలయాల్లోనే ఉన్నారు. వారెవరూ లంద దగ్గరికి వెళ్లి చూసినవారు కారు.

అయితే ఇటలీని స్వర్గంగా చూపడం నా ఉద్దేశం కాదు. కంపు అక్కడా కంపే. తోలు పదును చేసేవారిని పాత ఫ్లోరెన్సు కూడా సాంతా క్రోచె వైపు, నది దగ్గరికి నెట్టింది. ఫెర్రగామో అనే ప్రపంచ ప్రసిద్ధ చెప్పుల తయారీదారు 1898లో నేపుల్స్ దగ్గరి బోనితో గ్రామంలో పుట్టాడు. చెప్పులు కుట్టడం తక్కువ పని అని అతని ఇంట్లోనే అడ్డుపడ్డారు. ఈనాడు టస్కనీలోని తోలు పరిశ్రమలో బరువైన పనులకు సెనెగల్ నుంచి వలస వచ్చినవారు ఉన్నారు. ప్రసిద్ధ ఫ్యాషన్ సంస్థల సంచులను ఉపగుత్తేదారుల కింద చైనా కూలీలతో అగ్గువకు కుట్టిస్తున్నారని 2024లో మిలాన్ కోర్టు మూడు కంపెనీలను న్యాయ పర్యవేక్షణ కింద పెట్టింది. దోపిడీకి అక్కడా కొదవ లేదు.

తేడా ఎక్కడుందో చూడాలంటే ఫ్లోరెన్సులో ఓర్సాన్‌మికేలె అనే చర్చి గోడ దగ్గర నిలబడాలి. నగరంలోని వృత్తి సంఘాలు ఆ గోడ గూళ్లలో ఒక్కొక్క సాధువు విగ్రహం పెట్టించాయి. సెయింట్ ఫిలిప్ విగ్రహాన్ని నాన్ని ది బాంకో అనే శిల్పి చెక్కాడు. 15వ శతాబ్దం తొలినాళ్లలో దానికి డబ్బిచ్చింది చెప్పులు కుట్టేవారి సంఘం. ఉన్ని వర్తకులు, బ్యాంకర్ల విగ్రహాల వరుసలోనే అదీ ఉంది. చెప్పులు కుట్టేవాడు అక్కడ పేదవాడు కావచ్చు, చిన్న సంఘంవాడు కావచ్చు. కానీ పని ముగించి చేతులు కడుక్కుంటే వాసన పోయేది. గుడి గోడ మీద అతని సంఘం పేరు ఉండేది. అతని కొడుకు పిండి మర పెట్టుకుంటే ఎవరూ ఆ పిండి అంటరానిదనలేదు. రెండో ప్రపంచయుద్ధం తరువాత, 1950లో, సాంతా క్రోచె మఠంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు గోరి, కాసిని అనే తోలు వృత్తి కుటుంబాలతో కలిసి తోలు బడి తెరిచారు. యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు బతుకుతెరువు నేర్పడం దాని లక్ష్యం. మైకెలాంజెలో, గెలీలియో సమాధులున్న చర్చి అది. తోలు, సున్నం, మైనం ఆ ప్రాంగణంలోకి వెళ్లినా ఏ అపచారమూ జరగలేదు. మన దగ్గర ఏ పేరున్న గుడి ప్రాంగణంలోనైనా తోలు బడి తెరవగలమా అని పాఠకులు తమను తామే అడిగి చూసుకోవచ్చు.

మన వైపు ఏమైందో క్లుప్తంగా చెబితే చాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1973లో లిడ్‌క్యాప్ ఏర్పడింది. విభజన తరువాత తెలంగాణకు వేరే సంస్థ వచ్చింది. జిల్లాల్లో మినీ లెదర్ పార్కుల పేరిట తీసి పెట్టిన స్థలాల్లో చాలావాటిలో ఏళ్ల తరబడి తుమ్మలు మొలిచాయి. రాయదుర్గంలోని లిడ్‌క్యాప్ ప్రాంగణంలో కేంద్ర ప్రభుత్వపు పాదరక్షల డిజైన్ సంస్థ, ఎఫ్‌డీడీఐ, నడుస్తోంది. మంచి సంస్థే. అక్కడ అన్ని కులాల పిల్లలూ తోలు పట్టుకుంటున్నారు, అది నిజంగా సంతోషించవలసిన మార్పు. కానీ ఫీజు లక్షల్లో ఉంటుంది, ప్రవేశానికి అఖిల భారత పరీక్ష రాయాలి. తోలు మీద మైల పోయిన మరుక్షణం అది ఖరీదైన విద్యగా మారింది. ఇక చిక్కడపల్లికి కూతవేటు దూరంలో భోలక్‌పూర్ ఉంది. నగరంలో పచ్చి తోళ్ల గోదాములు ఉన్న చోటు. అక్కడ ఉప్పు చల్లిన తోళ్లు మోసేవారినీ రాయదుర్గంలో తోలు మీద బొమ్మలు గీసేవారినీ ఒకే పరిశ్రమ మనుషులని ఎవరూ అనుకోరు.

మధ్యలో ఒక మాట. తోలంటేనే మనకు ఏవగింపు అని అనుకుంటే పొరపాటు. నిమ్మలకుంట తోలుబొమ్మలను మన మధ్యతరగతి డ్రాయింగ్ రూముల్లో దీపాలకు కడతాం. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు తెలుగువారందరం గర్వపడ్డాం, గర్వపడవలసిందే. మేక తోలు మీద రాముడి బొమ్మ వేస్తే అది నడింట్లోకి వచ్చింది. ఆవు తోలుతో కుట్టిన చెప్పు, దాన్ని కుట్టిన చేయి గడప బయటే ఆగిపోయాయి. ఏవగింపు తోలు మీద కాదని ఇంతకన్నా రుజువేం కావాలి?

కేంద్రం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం ప్రారంభించింది. 18 వృత్తుల్లో చెప్పులు కుట్టడం ఒకటి. శిక్షణ రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు, తక్కువ వడ్డీకి అప్పు. అప్పు ఎవరికైనా అవసరమే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ గురుశిష్య పరంపర, కుటుంబ వృత్తి అన్న మాటలు ఆ పథకపు పత్రాల్లో కనిపించినప్పుడల్లా నాకు 1953 గుర్తుకొస్తుంది. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ బడి వేళలు కుదించి, మిగతా సమయం పిల్లలు తండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నారు. జనం దానికి కులవిద్యా పథకమని పేరు పెట్టి మరుసటి ఏడాదికల్లా వెనక్కి కొట్టారు. తమిళనాడు ప్రభుత్వం 2024లో విశ్వకర్మ పథకాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయబోమని చెప్పడం వెనుక ఉన్నది ఆ జ్ఞాపకమే.

నా విద్యార్థి తల్లి ఆ చరిత్ర చదువుకోలేదు. ఆమెకు చదవవలసిన అవసరమూ లేదు. కొడుకు ఫోనులో ఇటలీ మాట ఎత్తగానే ఆమె అన్నదట: "గా లంద కంపు కడుక్కోనీకే మీ నాయిన పట్నమొచ్చి అడ్డా మీద నిలవడ్డడు. నువ్వు ఇన్నేండ్లు సదివి మల్ల తోలు పట్టుకుంటవా కొడుకా?" 1927 మార్చిలో మహద్ సదస్సులో అంబేద్కర్ చచ్చిన పశువులను ఈడ్చే పని మానండని చెప్పిన మాటను మా తల్లులు ఎంత గట్టిగా పట్టుకున్నారో ఈ ఒక్క వాక్యంలో ఉంది. మా నాన్న కూడా తాత పనిముట్లను అటక మీదికి ఎక్కించి తాళం వేశాడు. అలా వేసినందుకే నేను ఈ పేజీలో రాస్తున్నాను.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా మా పేరు చివర కులాన్ని బాహాటంగా పెట్టుకోవడం నేర్పింది. మూడు దశాబ్దాల పోరాటం తరువాత 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మాదిగలున్న రెండో గ్రూపుకు 9 శాతం వాటా అమలులోకి వచ్చింది. అశోక్‌నగర్‌లో ఆ పిల్లలు ఆ 9 శాతం కోసం చదువుతున్నారు, చదవాలి. ఎవరైనా వచ్చి 'మీ చేతుల్లో గొప్ప కళ ఉంది, ఉద్యోగాల వెంట ఎందుకు' అంటే వారిని నమ్మవద్దని నేనే చెబుతాను. డప్పును పొగిడి ఉద్యోగం ఎగ్గొట్టే పెద్దమనుషులను చాలామందిని చూశాం.

కాని ఐదేళ్లుగా నోటిఫికేషన్ల మధ్య వయసు కరిగిపోతున్న ఒక మాదిగ యువకుడు, తలవంపు లేకుండా, తన ఇష్టంతో, ఈ విద్య ప్రపంచ స్థాయిలో నేర్చుకుంటానంటే కాదనడానికి నేనెవరిని? విడిచిపెట్టే హక్కు కోసం మా పెద్దలు పోరాడారు. తిరిగి అందుకునే హక్కు కూడా ఆ హక్కులో భాగమేనని నేను అనుకుంటున్నాను. షరతులు మాత్రం ఉండాలి. శిక్షణ అన్ని కులాలకూ తెరిచి ఉండాలి. తోలు బల్ల దగ్గర బ్రాహ్మణ పిల్లవాడూ రెడ్డి పిల్లా కూర్చోకపోతే అది మళ్లీ మాదిగవాడే అవుతుంది. పేరూ లాభంలో వాటా మాత్రం ఈ జ్ఞానాన్ని అవమానాల మధ్య కాపాడిన కులాలకు చెందాలి. కార్పొరేషన్ పేరున ఉన్న హక్కుపత్రాన్ని పనివారి సహకార సంఘాల పేరున మార్చాలి. ఎనిమిది వందల యూరోల్లో కుట్టిన చేతికి ఎంత అన్నది ఒప్పందంలోనే అంకెలతో రాయాలి. ఖాళీగా ఉన్న లెదర్ పార్కుల్లో డిగ్రీ ఇచ్చే కళాశాలలు రావాలి. ఆ డిగ్రీ చేతికి వస్తే గ్రూప్స్ దారి మూసుకుపోకూడదు. ఇటలీ నుంచి గురువులు వస్తే రానీయండి. వారి పక్కనే తంగేడు చెక్కతో పదును చేయగల మన ముసలివారిని కూడా అదే జీతంతో కూర్చోబెట్టాలి. వారు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు, ఎక్కువ కాలం ఉండరు.

ఇదంతా ఆ రోజు లైబ్రరీ గేటు దగ్గర అతనికి చెప్పలేకపోయాను. చివరికి అతనే తెలంగాణ తోలు కార్పొరేషన్‌కు ఒక లేఖ రాశాడు: అటువంటి శిక్షణ ఇక్కడ ఎప్పుడు పెడతారు, అర్హత ఏమిటి, ఖర్చు ఎవరిది. దానికి జతగా నా సిఫారసు లేఖ అడిగాడు. 'అభ్యర్థి నైపుణ్యం' అన్న చోట ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. తాత దగ్గర మూడేళ్లు రంపె పట్టాడని రాసి సంతకం పెట్టాను. వాళ్లమ్మకు ఇంకా చెప్పలేదట. గ్రూప్-2 పుస్తకాలు మాత్రం సంచిలో ఉన్నాయి. పాలమూరు పెద్దాయన కుట్టిన పట్టీ గట్టిగానే ఉంది.